ధర్మవరం మగ్గానికి వేలాడిన కోర

2023 వేసవి. అప్పుడు నేను పెనుకొండ పక్కన ఒక పశువుల ఆసుపత్రిలో డాక్టరుగా పనిచేస్తున్నాను. పుట్టి పెరిగింది హిందూపురంలో. పశువుల డాక్టరంటే చాలామంది ఆవుకు సూది పొడిచే మనిషనుకుంటారు. మా వైపు ఆవులకన్నా గొర్రెలదే రాజ్యం. పొద్దున గేటు తీసేసరికి నీలి నాలుక రోగం వచ్చిందనీ, కడుపు ఉబ్బిందనీ మందలకు మందలు వచ్చి నిలబడి ఉంటాయి. వాటి మధ్యలోంచి నడిచి నా కుర్చీ దాకా చేరుకోవడమే ఒక వ్యాయామం.

ఇది కాక ఇంకో పని కూడా మా నెత్తిన పడుతుంది. నెమళ్లు పురుగుల మందు కలిసిన గింజలు తిని చచ్చినా, ఎలుగుబంటి చేలో ఉచ్చుకు చిక్కినా, ఎవరింట్లోనైనా జింక కొమ్ము పట్టుబడినా అటవీ శాఖ వాళ్లు మమ్మల్నే పిలుస్తారు. ఇది ఫలానా జంతువుది, ఫలానా విధంగా చచ్చింది అని మేము చూసి రాసివ్వాలి. దాన్ని ఒపీనియన్ అంటారు. పేరుకు అభిప్రాయమే గాని, దాని మీద మనుషులు జైలుకు పోతారు, బయటికీ వస్తారు. అందుకే ఒపీనియన్ రాసే రోజున నేను ఎవరితోనూ సరిగ్గా మాట్లాడను. మా కాంపౌండరు ఆ రోజు నాకు టీ కూడా దూరం నుంచే అందిస్తాడు.

ఆ వేసవిలో ఒక ఉదయం రేంజర్ బాషా గారు ఫోన్ చేశారు. రేంజరంటే ఒక ప్రాంతం అడవికంతా బాధ్యుడైన అధికారి. మనిషి నిదానస్తుడు, మాట పొదుపు. ధర్మవరంలో ఏనుగు దంతం పట్టుకున్నామని, వచ్చి చూడమని అన్నారు.

ఏనుగు దంతమా! మా జిల్లాలోనా! నాకు నవ్వొచ్చింది. ప్రతి జంతువుకూ భూమ్మీద ఒక చిరునామా ఉంటుంది. ఏ జంతువు ఏయే చోట్ల సహజంగా బతుకుతుందన్న వివరాన్ని మా చదువులో డిస్ట్రిబ్యూషన్ అంటారు. ఏనుగు చిరునామా అటు కుప్పం అడవులు, ఇటు కర్ణాటక అడవులు. ధర్మవరంలో ఏనుగును చూసినవాళ్లుంటే సర్కసులోనో ఊరేగింపులోనో చూసి ఉండాలి. అయినా దంతానికి కాళ్లక్కర్లేదు. యాడో చంపిన ఏనుగు దంతం యాడికైనా రావచ్చు. అదీ బాషా గారి అనుమానం, అందులో తప్పు లేదు.

నేను పెనుకొండలో అటవీ శాఖ ఆఫీసుకు వెళ్లేసరికి వరండాలో ఒకాయన బల్ల మీద కూర్చుని ఉన్నాడు. నలభై దాటిన మనిషి, సన్నగా ఉన్నాడు. చొక్కా జేబు మీద ఎర్ర పట్టు పోగు ఒకటి అతుక్కుని ఉంది. నన్ను చూసి లేచి దండం పెట్టాడు. పేరు ఓబులేసు, ధర్మవరంలో పట్టుచీరలు నేస్తాడు.

జరిగిందేమిటో బాషా గారు చెప్పారు. బెంగళూరు నుంచి చీరలు కొనడానికి వచ్చినవాళ్లెవరో ఓబులేసు మగ్గం నేస్తుంటే ఫోన్లో వీడియో తీసి ఇంటర్నెట్లో పెట్టారు. చీర అందాన్ని మెచ్చుకోవాల్సిన జనం, మగ్గం వెనక తాడుకు వేలాడుతున్న వస్తువును చూసి అది ఏనుగు దంతం కాదా అని అడగడం మొదలుపెట్టారు. ఎవరో ఫిర్యాదు చేశారు. వీళ్లు వెళ్లి చూస్తే నిజంగానే కోరలాంటిది దొరికింది. పట్టుచీరకు అంచు పడుగును, అంటే అంచులో వచ్చే నిలువు పోగులను, విడిగా బిగించి లాగి ఉంచాలి. దానికోసం మగ్గం వెనక బరువు వేలాడదీస్తారు. అందరూ రాయో ఇసుక మూటో కడతారు. ఓబులేసు ఇంట్లో మాత్రం తాత కాలం నుంచి ఈ కోరనే కట్టారు. వంకరగా ఉండడంతో తాడు జారదట.

దాన్ని గుడ్డ విప్పి నా ముందు పెట్టారు. మోచేతి పొడవు ఉంటుంది. పసుపు, కుంకుమ, నూనె పొరలు పొరలుగా పట్టి ముదురు తేనె రంగులో మెరుస్తోంది. ఒక కొన మొద్దుగా అరిగి ఉంది, రెండో కొన మీద పసుపు ముద్ద గట్టిగా మెత్తినట్టుంది.

బాషా గారు ఇదివరకే ఒక పరీక్ష చేశారు. దాన్ని హాట్ నీడిల్ టెస్ట్ అంటారు. సూదిని ఎర్రగా కాల్చి ఆనిస్తే, ప్లాస్టిక్కయితే కరుగుతుంది, నిజమైన దంతమయితే కరగదు గాని కాలిన వాసన వస్తుంది. ప్రాణి దేహంలో ఉండే మాంసకృత్తు కాలడం వల్ల వచ్చే వాసన అది. ఇది కరగలేదు, వాసన కొట్టింది. నేనూ చేశాను. నాకూ వాసన కొట్టింది.

ఓబులేసు గుమ్మం దగ్గరే నిలబడి నా ముక్కు వంకే చూస్తున్నాడు. ఏనుగు దంతం ఇంట్లో ఉండడమంటే చట్టం దృష్టిలో ఏనుగును చంపినంత పని. నా సంతకం పడితే ఆయన ఆ సాయంత్రమే రిమాండుకు పోతాడు. ఆ తర్వాత ఏళ్ల తరబడి జైలు. ఇంకో సంగతి బాషా గారే గొంతు తగ్గించి చెప్పారు. విషయం తెలిసిన రోజే నేతకు పట్టు ఇచ్చే సావుకారు, సగం నేసిన పడుగును మగ్గం మీదే వదిలేసి, కొత్త పట్టు ఇవ్వనని చెప్పేశాడట. ఏనుగును చంపిన ఇంట్లో నేసిన చీరను పెళ్లికి ఎవరు కడతారని అడిగాడట.

నేను దాన్ని మళ్లీ చేతిలోకి తీసుకున్నాను. ఎందుకో బరువు ఎక్కువనిపించింది. అడ్డంగా చూశాను. ఏనుగు దంతం గుండ్రంగా ఉంటుంది. ఇది మూడు పలకలుగా ఉంది. గోరుతో గీకితే పసుపు కింద నిలువునా గాళ్లు గాళ్లుగా, చాళ్లు తీసినట్టు, గట్టి పొర తగిలింది. మన పళ్ల మీద ఉండే తెల్లటి ఎనామిల్ పొరే అది. ఏనుగు దంతం పైన అది ఉండదు.

నేను ఇంతకు ముందు ఇలాంటి దాన్ని చేత్తో పట్టుకున్నాను. చదువుకునే రోజుల్లో ట్రైనింగు కోసం మమ్మల్ని ఒక జూకు పంపారు. అక్కడ ఒక ముసలి నీటిగుర్రం కింది కోర వంకరగా పెరిగి పై పెదవిని పొడుస్తుంటే మత్తిచ్చి రంపంతో కోశాం. నేను ఆ కోర పట్టుకుని కూర్చున్నాను, మా ప్రొఫెసర్ కోశాడు. మూడు పలకలు, గాళ్లు గాళ్ల ఎనామిల్, అదే వంపు.

‘‘సార్, ఇది ఏనుగుది కాదు. నీటిగుర్రం కోర,’’ అన్నాను. గొంతులో గర్వం దాచుకోలేదు. ఎందుకు దాచుకోవాలి? జిల్లాలో ఆ రోజు ఆ మాట చెప్పగలిగినవాళ్లు ఇంకొకరు ఉన్నారని నేను అనుకోను.

బాషా గారు రాసుకోవడానికి పెన్ను తీసి, ‘‘నీటిగుర్రం యాడుంటుంది మేడం?’’ అని అడిగారు.

‘‘ఆఫ్రికాలో.’’

‘‘మన దేశంలో?’’

‘‘జూల్లో తప్ప లేదు.’’

ఆయన పెన్ను కింద పెట్టేశారు. ‘‘అయితే ఇది ఇంకా పెద్ద కేసు. విదేశాల నుంచి దొంగతనంగా తెచ్చిన సరుకు.’’

అప్పటికి గాని నా తెలివి ఎంత పని చేసిందో నాకు అర్థం కాలేదు. ఏనుగు కాదని చెప్పి ఆ మనిషిని బయటపడేశాననుకున్నాను. తీరా చూస్తే స్మగ్లర్ల జాబితాలోకి తోసినట్టయింది. ఓబులేసు గుమ్మం పట్టుకుని నిలబడి, ‘‘మేడం, నేను బెంగళూరు దాటి పోయినోణ్ణి కాదు. ఆఫ్రికా యాడుందో మా పిల్లోళ్ల పుస్తకంలో చూసిందే,’’ అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు. నాకు మాత్రం నా మీద నాకే కోపమొచ్చింది.

ఓబులేసుది అబద్ధం కాదు, నాది తప్పు కాదు. ఈ రెండూ ఒకేసారి నిజం కావాలంటే ఇంకో దారి ఒకటే ఉంది. నీటిగుర్రం చిరునామా ఇప్పుడు ఆఫ్రికా. ఎప్పుడూ ఆఫ్రికానేనా? కాదు. మా మొదటి సంవత్సరం జువాలజీ పాఠంలోనే ఉంది. ఒకప్పుడు మన దేశపు నదుల్లోనూ నీటిగుర్రాలుండేవి. నర్మద ఒడ్డున, గోదావరి ఒడ్డున పాత ఒండ్రులో వాటి ఎముకలు దొరికాయి. వేల ఏళ్ల కిందట అవి మన దేశంలో అంతరించిపోయాయి. భూమిలో అంతకాలం ఉన్న ఎముక మెల్లగా రాయవుతుంది. దాన్నే ఫాసిల్ అంటారు, మన మాటలో శిలాజం. బరువు ఎక్కువ అనిపించింది అందుకేనేమో!

కానీ రాయి కాలితే వాసన రాదు కదా? ఇది కొట్టింది. ఆ ముడి విడకపోతే నేనేం చెప్పినా అది మాటే అవుతుంది, ఒపీనియన్ కాదు. వాసన కొట్టిన దాన్ని శిలాజమని రాసి సంతకం పెడితే రేపు కోర్టులో లాయరు నన్ను ఉతికి ఆరేస్తాడు.

‘‘ఇది మీ ఇంటికి యాడి నుంచి వచ్చింది ఓబులేసూ?’’ అని అడిగాను. తనకు తెలియదని, అమ్మకు తెలుసని అన్నాడు. బాషా గారు ఎలాగూ ఇంటిని పరిశీలించాలి, వీధి పెద్దల ఎదుట పంచనామా రాయాలి. కోరను మళ్లీ గుడ్డలో చుట్టి, సీలు వేసి, వెంట తీసుకుని అందరం జీపులో ధర్మవరం వెళ్లాం.

ఓబులేసు అమ్మ పేరు నాగమ్మ. వీధిలో అందరికీ నాగమ్మవ్వ. మేము వెళ్లేసరికి ఆగిపోయిన మగ్గం పక్కన, నేసేవాళ్లు కాళ్లు పెట్టుకునే గుంతలోకి కాళ్లు వేలాడేసి కూర్చుని ఉంది. మంచినీళ్లు ఇవ్వలేదు, కూర్చోమనలేదు. కొడుకును దొంగలా కూర్చోబెట్టినవాళ్లతో తనకు మాటలేమిటన్నట్టు మొహం తిప్పుకుంది. నాకు అలాంటివాళ్లంటే ఇష్టం. నేనూ అంతే.

నేను వెళ్లి ఆమె పక్కనే గుంత అంచు మీద కూర్చున్నాను. కోర సంగతి అడిగితే మొదట ఉలకలేదు. తర్వాత కొంచెం కొంచెంగా చెప్పింది. ఆమె పుట్టిల్లు కనగానపల్లి పక్క పల్లె. వాళ్ల నాయన వంక ఒడ్డున, అంటే వాగు గట్టున, బావి తవ్వాడు. నీళ్లు పడలేదు. గులకరాళ్ల పొర తగిలింది, దాంట్లో ఈ బొమికె తగిలింది. ఊరంతా నవ్వారు. నీళ్లకని తవ్వి బొమికె తెచ్చుకున్నాడని చివరిదాకా ఎగతాళి చేశారు. ఈమె ధర్మవరం కోడలుగా వచ్చాక, ఆ బొమికె వంకరగా తాడుకు బాగుంటుందని మామ అడిగి తెచ్చుకున్నాడు.

‘‘మా నాయన ఒక మాట అంటాండె,’’ అంది అవ్వ. ‘‘గులకరాళ్లు గుండ్రంగా ఉండాయి, నీళ్లు దొర్లించకుండా రాయి గుండ్రం కాదు, ఈడ నీళ్లుండాల అని. ఎవురు విన్నారు? పిచ్చి పట్టిందన్నారు.’’

అప్పుడు నాకు అడగాల్సిన ప్రశ్న తట్టింది. దీనికి పూజ ఎలా చేస్తారు? అవ్వ నన్ను ఏమీ తెలియని దాన్ని చూసినట్టు చూసింది. ఆయుధ పూజకే కాదు, కొత్త పడుగు ఎక్కించిన ప్రతిసారీ మగ్గానికీ దానికీ ఆముదం రాసి, పసుపు పూసి, కుంకుమ పెడతారట. ఇంటి ఆచారం. ఒక్క పడుగుకు కూడా తప్పింది లేదట. తన పెళ్లి కాక ముందు నాయన ఇంట్లో కూడా ఏటేటా ఆముదం రాసేవారట.

నేను బాషా గారి వంక చూశాను, ఆయన నా వంక చూశారు. కాలింది దంతం కాదు. తరతరాల ఆముదం! ఆ నూనె గాళ్లలోకి, సందుల్లోకి దిగి గట్టిపడింది. సూది తగిలినప్పుడల్లా వాసన కొట్టింది అదే. నాకు మొదట్లోనే ఆ వాసనలో ఏదో తేడా అనిపించింది. జూలో రంపం కింద వచ్చింది వెంట్రుకలు కాలిన కంపు. ఇది దీపం ఆర్పినప్పుడు వత్తి నుంచి వచ్చే వాసన. ముక్కు చెప్పింది గాని, ముక్కు మాటను కాగితం మీద రాయలేం కదా.

దాన్ని శుభ్రంగా కడగాలి, కడిగిన చోట మళ్లీ సూది పెట్టాలి. ఆ మాట అనగానే అవ్వ లేచి నిలబడింది. మగ్గం తల్లికి పెట్టిన పసుపును కడగడమేమిటని, అది తీస్తే ఇంటికి అరిష్టమని, తను ఒప్పుకోనని తెగేసి చెప్పింది. ఓబులేసు బతిమాలాడు. వినలేదు. వీధి పెద్దలు సర్దిచెప్పబోయారు. వాళ్లకూ చీవాట్లు పడ్డాయి. బాషా గారు చట్టం గురించి మొదలుపెట్టబోతే నేను చేత్తో ఆపాను.

‘‘అవ్వా, నీ కొడుకును జైలుకు పంపేది ఆ పసుపే,’’ అన్నాను. నేను మెత్తగా చెప్పే రకం కాదు. ‘‘మీరు భక్తిగా రాసిన నూనె కాలి, అది నిన్నమొన్న చచ్చిన జంతువు మాదిరి వాసనొస్తాండాది. ఆ పొర తీస్తే రాయి బయటపడుతుందని నా నమ్మకం. తీయకుంటే నేను రాయగలిగింది ఒకటే, దాంతో నీ కొడుకు జైలుకు పోతాడు. నువ్వే చెప్పు.’’

అవ్వ మళ్లీ గుంత అంచు మీద కూర్చుంది.

‘‘నీ నమ్మకం తప్పయితే?’’ అని అడిగింది.

‘‘తప్పయితే తప్పని రాస్తాను. అబద్ధం మాత్రం రాయను.’’

ఆ జవాబు ఆమెకు నచ్చినట్టుంది. ‘‘సరే. నేనే కడుగుతా. ఇంకెవురూ చెయ్యి పెట్టకండి,’’ అంది.

పట్టుకు పుట్టుకతో ఉండే జిగురును తీయడానికి నేతవాళ్లు సబ్బు, సోడా కలిపిన వేడినీళ్లలో దాన్ని నానబెడతారు. అవ్వ ఆ పద్ధతే పట్టింది. వీధి పెద్దలు, బాషా గారు చూస్తుండగా సీలు విప్పారు. నీళ్లు మరీ వేడిగా వద్దని నేను చెప్పాల్సి రాలేదు, చెయ్యి పెట్టి చూసుకుని చల్లనీళ్లు కలుపుకుంది. పసిబిడ్డకు తలస్నానం చేయించినట్టు కోరను ఒళ్లో పెట్టుకుని, పట్టు తుడిచే మెత్తటి గుడ్డతో రుద్దింది. మొదట నీళ్లు పచ్చగా అయ్యాయి, తర్వాత ఎర్రగా, తర్వాత నల్లగా. ఎన్నిసార్లు నీళ్లు మార్చిందో గాని ఆ ఇల్లంతా ఆముదం వాసన నిండింది. నేను ఈలోపల ఓబులేసును, వెంట ఒక గార్డునిచ్చి, కసాయి అంగడికి పంపి అప్పుడే కోసిన మేక ఎముక తెప్పించాను. బాషా గారికి పోల్చి చూపించాలి కదా.

మొద్దు కొన పసుపు కింద నల్లటి మెరుపు కనిపించింది. తర్వాత రెండో కొన. అక్కడ మెత్తినట్టున్న పసుపు ముద్ద ఊడి నీళ్లలో పడింది. అవ్వ చెయ్యి ఆగిపోయింది.

‘‘ఏందిది?’’ అంది.

ఏ జంతువు కోరకైనా మొదట్లో, దవడలో దిగి ఉండే చోట లోపల బోలుగా ఉంటుంది. ప్రాణం ఉన్నప్పుడు అందులో మెత్తటి మాంసం, రక్తనాళాలు ఉంటాయి. ఈ కోర బోలులో మాంసం ఉండే చోట గులకరాళ్లు ఉన్నాయి. చిన్న చిన్న నున్నటి గులకరాళ్లు, ముతక ఇసుక, సున్నంతో కలిసి కాంక్రీటులా గట్టిపడి, కోర గోడకు అతుక్కుపోయి ఉన్నాయి. వేలితో నొక్కినా గోటితో గీకినా ఒక్క రవ్వ రాలలేదు. జంతువు చచ్చి, మాంసం కుళ్లి, బోలులోకి ఏటి ఇసుక దూరి, అది రాయిగా మారేంత కాలం గడిస్తే తప్ప అలా కాదు. ఎంత పెద్ద స్మగ్లరైనా దాన్ని తయారు చేయలేడు.

సూదిని కాల్చి మొదట మేక ఎముకకు ఆనించాను. వెంట్రుకలు కాలిన కంపు గుప్పుమంది. వీధి పెద్దల్లో ఒకాయన బయటికి నడిచాడు. తర్వాత కోర మీద, శుభ్రంగా కడిగిన చోట ఆనించాను. బాషా గారు వంగి, ముక్కు దాదాపు కోరకు ఆనించి వాసన చూశారు. మళ్లీ చూశారు. ఎంత చూసినా ఏమీ లేదు.

‘‘రాయి మేడం,’’ అన్నారు. ఆ మనిషి నవ్వగా చూడడం నాకు అదే మొదటిసారి.

ఓబులేసు మగ్గం దిమ్మె మీద కూర్చుండిపోయాడు. రెండు చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చాడు. నా కళ్లూ తడయ్యాయి, సిగ్గేమీ పడలేదు. ఒకరి కొడుకును ఇంటికి తిరిగి అప్పగించే పని మా వృత్తిలో రోజూ దొరకదు. మామూలుగా మేము అప్పగించేది గొర్రెల్ని.

నా ఒపీనియన్ ఒక్కదానితోనే వదిలేయలేదు బాషా గారు. శిలాజాల మీద పనిచేసే ఒక ప్రొఫెసర్ గారిని పిలిపించాం. ఆయన కోరను చూడగానే కుర్చీ లాక్కుని దాని ముందు కూర్చుని చాలాసేపు లేవలేదు. నేను చెప్పింది నిజమేనన్నారు. మన దేశంలో అంతరించిన నీటిగుర్రం జాతిదన్నారు. ఇంత తెలివిగా బోలు చూడడం ఎక్కడ నేర్చుకున్నారని నన్నడిగారు. నేర్చుకోలేదని, అవ్వ కడిగితే బయటపడిందని చెప్పాను. అది నిజమే గాని, ఆ మెప్పును నేను మా ఇంట్లో అందరికీ చెప్పాను, హిందూపురంలో మా చుట్టాలకు చెప్పాను, మా కాంపౌండరు అడక్కుండానే అతనికీ చెప్పాను. ఇప్పుడు మీకూ చెబుతున్నాను.

కేసు మూసేశారు. సావుకారు తనే వచ్చి, నలుగురి ముందు ఆగిపోయిన చీరను ముగించమన్నాడు. ప్రొఫెసర్ గారు కోరను చదువు కోసం ఇవ్వమని అడిగారు. అవ్వ ఒక షరతు పెట్టింది. ఆ బావి చోటు తనే చూపిస్తుంది, తను చూస్తుండగానే వాళ్లు చూడాలి.

అందరం కనగానపల్లి వైపు వెళ్లాం. బావి సగం పూడిపోయి, చుట్టూ కంప పెరిగి ఉంది. పక్కన వంకలో చుక్క నీరు లేదు, ఇసుక మీద మేకలు నడుస్తున్నాయి. ప్రొఫెసర్ గారు బావి గోడలో తేలి ఉన్న గులకరాళ్ల పొరను చూపించి, ఇది పాత ఏరు పారిన దారి అని చెప్పారు. అవ్వ నా చెయ్యి పట్టుకుని ఒడ్డున నిలబడింది.

‘‘ఆ జంతువు నీళ్లలోనే ఉంటాదంటివి గదా పాపా,’’ అంది.

‘‘పగలంతా నీళ్లలోనే అవ్వా. నీళ్లు లేకుంటే దాని తోలు ఎండకు పగిలిపోతుంది.’’

‘‘అయితే ఈడ ఏడాది పొడుగునా నీళ్లుండాల.’’

‘‘ఉండాల. మనిషి మునిగేంత.’’

అవ్వ వంక వైపు చూస్తూ నిలబడింది. మా వైపు నీళ్ల గురించి మాట్లాడేటప్పుడు ఎవరూ తొందరపడరు. చివరికి మెల్లగా అంది: ‘‘అంటే మా నాయన తప్పు చోట తవ్వలేదు. ఆలస్యంగా తవ్వినాడు, అంతే.’’

ప్రొఫెసర్ గారు టోపీ తీసి చేత్తో పట్టుకున్నారు.

ఆ తర్వాత నేను ఎన్నో ఒపీనియన్లు రాశాను. ఈ కేసు నాకు నేర్పింది ఒకటుంది. జంతువు ఎక్కడ ఉంటుందని అడిగితే సరిపోదు, ఎప్పుడు అని కూడా అడగాలి. ఇప్పటి చిరునామా చూసి ఎవరినీ పరాయి అనకూడదు. ఇప్పుడు ట్రైనింగుకు వచ్చే కుర్ర డాక్టర్లకు ఏ ఎముక చూపించినా ఆ రెండో ప్రశ్న కూడా అడగమంటాను, ఎవరైనా మరిచిపోతే కోప్పడతాను కూడా.

ఓబులేసు మగ్గానికి ఇప్పుడు ఇసుక మూట వేలాడుతోంది. తాడు జారుతోందని నేను కనిపించినప్పుడల్లా సణుగుతాడు. కోర ప్రొఫెసర్ గారి దగ్గర గాజు పెట్టెలో ఉంది. దాన్ని అప్పగించే రోజున, పక్కన పెట్టే అట్ట మీద జంతువు పేరు రాశాక, ఆయన ఎక్కడిది అని రాయాలో అడిగారు. నేను నోరు తెరిచేలోపల అవ్వ అందుకుంది.

‘‘ఈడిదే అని రాయి సామీ. మా నాయన బావిది.’’